నోరులేని నొప్పికి మందు

హైదరాబాద్‌ కోఠీలో ఎత్తైన స్తంభాలతో ఠీవిగా నిలబడిన పాత బ్రిటిష్‌ రెసిడెన్సీ భవనం తెలుసు కదా. చాలామందికి అది మహిళా కళాశాలగానే పరిచయం. 1880ల్లో ఆ రెసిడెన్సీకి సర్జన్‌గా ఎడ్వర్డ్‌ లారీ అనే డాక్టరుగారు ఉండేవారు. హైదరాబాద్‌ మెడికల్‌ స్కూల్‌ పెద్ద కూడా ఆయనే. ఆయన్ని ఓ ప్రశ్న నిద్రపోనిచ్చేది కాదు. ఆపరేషన్‌ బల్లమీద క్లోరోఫాం పీల్చిన మనిషి చనిపోతే, ముందు ఆగేది గుండా... ఊపిరా?

ఇప్పుడు వింటే ఏదో పండితుల తగువులా ఉంటుంది. అప్పుడది చావుబతుకుల సమస్య. 1846లో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్‌ ఇచ్చి అందరి ముందూ ఆపరేషన్‌ చేశారు. మర్నాటి ఏడాదే స్కాట్లాండ్‌లో క్లోరోఫాం వచ్చింది. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్‌ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చింది. రెండుమూడు నిమిషాల్లోనే చనిపోయింది. గోరు కోసం ప్రాణం పోయింది! ఆ తరువాత అలాంటి చావులు ఎన్నో. డాక్టరు నాడి పట్టుకుని కూర్చోవాలా, ఊపిరి చూస్తూ కూర్చోవాలా అన్నది తేలాలి.

తేల్చడానికి ఖర్చు పెట్టింది ఆరో నిజాం మీర్‌ మహబూబ్‌ అలీఖాన్‌. 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్‌ కూర్చుంది. లారీ చెప్పిన ఫలితాన్ని లండన్‌లోని లాన్సెట్‌ పత్రిక నమ్మలేదు. ‘అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు నాది’ అన్నట్టుగా నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. 1889లో లాడర్‌ బ్రంటన్‌ అనే పేరున్న వైద్యుడు ఓడెక్కి హైదరాబాద్‌ వచ్చారు. రెండో కమిషన్‌ మొదలైంది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు... వందల సంఖ్యలో. ఒక్కోదానికీ క్లోరోఫాం పట్టించడం, ఊపిరి ఎప్పుడు ఆగింది, గుండె ఎప్పుడు ఆగింది అని రాసుకోవడం. ముందు ఆగేది ఊపిరేనని తేల్చారు. గుండె గురించి దిగులొద్దు, ఊపిరి చూసుకోండి అన్నారు.

ఆ తీర్పు పూర్తిగా నిజం కాదని 1911లో తేలింది. ఇంగ్లండ్‌లో గుడ్‌మన్‌ లెవీ అనే ఆయన పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, మత్తు తక్కువగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని చూపించారు. మళ్లీ మూల్యం చెల్లించింది నోరులేని జీవాలే. మీరో నేనో ఆపరేషన్‌ బల్ల మీద హాయిగా నిద్రపోయి లేస్తున్నామంటే ఆ హాయి వెనుక హైదరాబాద్‌ కుక్కలున్నాయి, లండన్‌ పిల్లులున్నాయి. అంతెందుకు, బోస్టన్‌లో ఈథర్‌ ఇచ్చిన మోర్టన్‌ కూడా ముందు దాన్ని పట్టించింది తన పెంపుడు కుక్కకే.

మరి, మత్తుమందు కనిపెట్టడానికి సాయపడిన ఆ జీవాలకు మత్తుమందు దక్కిందా?

కదల్లేదు కాబట్టి నొప్పి లేదట!

చాలాకాలం దక్కలేదు. దక్కినా, జంతువు మీద జాలితో కాదు. 1875లో బ్రిటన్‌లో ఈ వ్యవహారం మీద రాయల్‌ కమిషన్‌ వేశారు. దాని ముందుకొచ్చిన శాస్త్రవేత్తల్లో ఇమాన్యుయెల్‌ క్లెయిన్‌ ఒకరు. ప్రయోగం చేసేటప్పుడు జంతువు బాధ గురించి తనకు పట్టింపే లేదనీ, మత్తు ఇచ్చేది కరవకుండా, గీరకుండా తన పని సులువు కావడానికేననీ ఆయన మొహమాటం లేకుండా చెప్పేశారు. తోటి శాస్త్రవేత్తలే తలలు పట్టుకున్నారు.

ఇంకో సంగతి అంతకంటే దారుణం. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే క్యురారే అనే విషం ఉంది. దాని పని తీరును ఫ్రాన్స్‌లో క్లాడ్‌ బెర్నార్డ్‌ కప్పల మీద పరిశోధించి చెప్పారు. నరం నుంచి కండరానికి ఆజ్ఞ చేరకుండా అది అడ్డుపడుతుంది. కండరాలు చచ్చుబడతాయి. నొప్పి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. అంటే, కోస్తున్నది తెలుస్తుంది, కదలడానికి లేదు, అరవడానికి లేదు. ఊపిరికి పంపు పెట్టి బతికిస్తూ, ఆ స్థితిలో ఉన్న జంతువుల మీద గంటల తరబడి ప్రయోగాలు చేశారు. చూసేవాళ్లకేమో ప్రశాంతంగా పడుకున్నట్టే కనిపించేది. బెర్నార్డ్‌ భార్య ఆయనతో విడిపోయి వీధికుక్కల కోసం ఆశ్రయాలు నడిపిందని చరిత్ర చెబుతోంది. ఆ ఇంట్లో ఎన్ని మాటలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు.

1876లో బ్రిటన్‌ తెచ్చిన చట్టం జంతువుల మీద ప్రయోగాలను అదుపు చేసే చట్టాల్లో మొదటిది. అందులో ప్రత్యేకంగా ఓ మాట రాశారు- క్యురారేను మత్తుమందుగా లెక్కించరాదని. నూటయాభై ఏళ్లు కావస్తోంది, ఆ జాగ్రత్త ఇప్పటికీ అవసరమే. కండరాలను స్తంభింపజేసే మందు ఒక్కటే ఇచ్చి కోయకూడదు, తగినంత మత్తు కూడా ఉండాలి అని మన దేశపు మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

చట్టం వచ్చాక గొడవ ఆగిందా అంటే, లేదు. 1903 ఫిబ్రవరిలో లండన్‌ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్‌ అనే శాస్త్రవేత్త విద్యార్థుల ముందు ఓ గోధుమరంగు కుక్క మీద ప్రయోగం చేసి చూపించారు. ఆ కుర్చీల్లో స్వీడన్‌ నుంచి వచ్చిన ఇద్దరు యువతులు కూడా ఉన్నారు. కుక్కకు మత్తు సరిగా లేదు, కొట్టుకుంటోంది అని వాళ్లు రాశారు. మార్ఫిన్‌ ఇచ్చాం, క్లోరోఫాం, ఈథర్‌ కలిపి పట్టించాం అని బేలిస్‌ వాదన. ఆ ఆరోపణను సభలో బహిరంగంగా వినిపించిన స్టీఫెన్‌ కోల్‌రిజ్‌ మీద పరువునష్టం దావా వేసి, గెలిచి, రెండువేల పౌండ్లు రాబట్టారు. 1906లో ఆ కుక్కకు బ్యాటర్సీలో విగ్రహం పెట్టారు. దాన్ని పగలగొడతామని వైద్య విద్యార్థులు 1907లో వీధుల్లో పోలీసులతో కొట్లాటలకు దిగారు. చివరికి 1910లో ఓ రాత్రి పోలీసు కాపలా మధ్య విగ్రహాన్ని గుట్టుచప్పుడు కాకుండా తీసేశారు. 1985లో మళ్లీ ఇంకో విగ్రహం వచ్చింది. ఒక కుక్క గురించి ఇంత రభస!

అసలు ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. ఆ కుక్క కదిలింది మత్తులో వచ్చే ఉలికిపాటా, నొప్పా? చూసేవాళ్లు ఎలా తెలుసుకోవాలి?

ఎలుక కూడా జంతువే

మన సంగతికి వద్దాం. 1960లో వచ్చిన జంతుహింస నిరోధక చట్టం ప్రయోగాలను నిషేధించలేదు. కానీ 17వ సెక్షన్‌లో కొన్ని మాటలు స్పష్టంగా రాసింది. కోత ఉన్న ప్రయోగమైతే నొప్పి తెలియనంత బలమైన మత్తు ఇవ్వాలి. మత్తులో ఉండగా, కోలుకున్నా తీవ్రంగా బాధపడక తప్పనంత గాయమైతే, స్పృహ రాకముందే ప్రాణం తీసేయాలి. కేవలం చెయ్యి తిరగడం కోసం జంతువుల మీద ప్రయోగాలు చేయకూడదు. వీటిని చూసుకోవడానికి ఓ కమిటీ. మొన్నమొన్నటి దాకా దాన్ని సీపీసీఎస్‌ఈఏ అనేవారు, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అంటున్నారు. 1998లో నియమాలు వచ్చాకే దానికి పళ్లు మొలిచాయి.

ఒక విషయంలో మనవాళ్లను మెచ్చుకోవాలి. మన చట్టం ప్రకారం జంతువంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా. అమెరికాలో అలా కాదు. అక్కడి జంతు సంక్షేమ చట్టం 1966 నుంచీ ఉంది. అయినా పరిశోధన కోసం పెంచిన తెల్లఎలుకలు, చిట్టెలుకలు, పక్షులు దాని లెక్కలోకి రావని 2002లో చట్టంలోనే రాసేశారు. ప్రయోగశాలల్లో ఎక్కువగా ఉండేవేమో అవే! కుక్కకు వర్తించే చట్టం ఎలుకకు వర్తించదన్నమాట. అక్కడ ఎలుకలకు వేరే నిబంధనలున్నాయి. కానీ అవి ప్రధానంగా సర్కారు డబ్బుతో జరిగే పరిశోధనలకే.

హైదరాబాద్‌కు ఇది పక్కింటి విషయం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల పాటు దేశంలోని పరిశోధన కేంద్రాలకు ఎలుకలను పెంచి ఇచ్చింది. జీనోమ్‌ వ్యాలీలో ఐసీఎంఆర్‌ ప్రయోగ జంతువుల కోసమే ఓ జాతీయ కేంద్రం కట్టింది. రెండు రాష్ట్రాల్లోనూ ఫార్మసీ కాలేజీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మీ బంధువుల పిల్లల్లో ఎం.ఫార్మసీ చేసినవాళ్లుంటే అడగండి, ఎలుకను చేత్తో పట్టుకున్న అనుభవం చెబుతారు.

రెండున్నర మిల్లీగ్రాముల మత్తు

ఎలుకకు మత్తివ్వడం మనిషికి ఇచ్చినట్టు కాదు. కొన్ని విషయాల్లో అంతకన్నా కష్టం.

ఓ చిట్టెలుక బరువు పాతిక గ్రాములు అనుకుందాం. ఎక్కువగా వాడేది కెటమిన్‌, జైలజిన్‌ అనే రెండు మందులు కలిపి పొట్టలోకి ఇచ్చే ఇంజెక్షన్‌. కెటమిన్‌ కిలో బరువుకు వంద మిల్లీగ్రాముల లెక్కన వేస్తే ఈ బుల్లిప్రాణికి రెండున్నర మిల్లీగ్రాములు. బజార్లో దొరికే సీసాలో మిల్లీలీటరుకు యాభై మిల్లీగ్రాములుంటే, కావాల్సింది మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. అంటే ఒక్క చుక్క! సూది మొనలో మిగిలిపోయేది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ముందు నీళ్లకాలువలా పలచన చేసుకోవాలి. ఆ లెక్కలో సున్నా అటూఇటూ అయితే ఎలుక కోత మధ్యలో లేస్తుంది, లేదా ఎప్పటికీ లేవదు.

మత్తు పట్టిందో లేదో తెలుసుకోవడానికి కాలివేలు గట్టిగా నొక్కి చూస్తారు. కాలు వెనక్కి లాక్కుంటే ఇంకా పట్టలేదన్నట్టే. కెటమిన్‌ మత్తులో కళ్లు మూతపడవు. తెరిచిన కళ్లు ఎండిపోయి దెబ్బతినకుండా వాటికి ఆయింట్‌మెంట్‌ రాయాలి. ఒంటి వేడి క్షణాల్లో పడిపోతుంది. చిన్న శరీరం కదా, చిన్న గ్లాసులో టీ చల్లారినట్టు. కింద వెచ్చటి మెత్త లేకపోతే ఆపరేషన్‌ బ్రహ్మాండంగా జరిగినా ఎలుక చలికే పోతుంది. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి రెండు మిల్లీలీటర్ల లోపే. ఓ పది చుక్కలు కారితే పావువంతు పోయినట్టే. ఇక ఆపరేషన్‌కు ముందు పస్తు పెట్టడం మనకు అలవాటు. ఎలుకలు వాంతి చేసుకోలేవు కాబట్టి వాటికా అవసరం లేదు. పస్తు పెడితే ఇంకా నీరసించిపోతాయి.

ఇప్పుడు మంచి ల్యాబుల్లో ఐసోఫ్లురేన్‌ వాయువు వాడుతున్నారు. చిన్న పెట్టెలో పెట్టి వాయువు వదిలితే నిద్ర, ఆపితే కొద్ది నిమిషాల్లో మెలకువ. యంత్రానికి డబ్బు కావాలి. ఒకప్పుడు గాజుజాడీలో ఈథర్‌ తడిపిన దూది వేసి మూత పెట్టేవారు. కళ్లూ ముక్కూ మండిపోయేవి. పైగా నిప్పు తగిలితే పేలిపోయే సరుకు. దాన్ని చాలాచోట్ల మానేశారు.

మూతి ముడుచుకుంటే...

ఇంతవరకూ కోత. అసలు కథ కోత అయ్యాక ఉంది.

మనకు కుట్లు వేస్తే రాత్రంతా మూలుగుతాం. నర్సమ్మను నాలుగుసార్లు పిలుస్తాం. ఎలుక అలా చెయ్యదు. అడవిలో పిల్లికో గద్దకో ఆహారమయ్యే జంతువు, నేను బలహీనంగా ఉన్నానని చాటుకుంటే ఇంకేమన్నా ఉందా! అందుకే బాధను దాచుకుంటుంది. మనిషి గదిలోకి రాగానే మరీ దాచుకుంటుంది. కుందేళ్లదీ అదే తీరు. చాలాకాలం శాస్త్రవేత్తలు దీన్నే పట్టుకుని ‘వీటికి అంత నొప్పి ఉండదులే’ అనుకున్నారు.

2010లో కెనడాలోని మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్‌ బృందం చిట్టెలుకల ముఖాలను వీడియో తీసి నెమ్మదిగా చూసింది. నొప్పిగా ఉన్నప్పుడు ముఖంలో అయిదు మార్పులు కనిపించాయి. కళ్లు చికిలించుకుంటాయి. ముక్కు ఉబ్బుతుంది. బుగ్గలు ఉబ్బుతాయి. చెవులు వెనక్కి వాలతాయి. మీసాలు బిగుసుకుంటాయి. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు అని మార్కులు. నొప్పి తగ్గే మందు ఇస్తే మార్కులు తగ్గాయి! తరువాత పెద్ద ఎలుకలకు, కుందేళ్లకు కూడా ఇలాంటి కొలబద్దలు తయారయ్యాయి. ఎలుకల్లో ఇంకో గుర్తూ ఉంది. బాధలోనో ఒత్తిడిలోనో ఉంటే కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రటి స్రావం గడ్డకడుతుంది. చూసినవాళ్లు రక్తమనుకుంటారు. అది కంటి వెనుక గ్రంథి నుంచి వచ్చే రంగు. ఇంకా సులువైనది గూడు. పంజరంలో కాస్త దూదో కాగితమో వేస్తే ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుక చక్కగా గూడు కట్టుకుంటుంది. నొప్పితో ఉన్నది ఆ కాగితాన్ని ముట్టదు.

అదే మోగిల్‌ బృందం 2014లో ఓ చిత్రమైన సంగతి బయటపెట్టింది. ప్రయోగం చేసేది మగవాళ్లయితే ఎలుకలు నొప్పిని తక్కువగా చూపిస్తున్నాయట. మగవాసనకు కలిగే భయం నొప్పిని అణచేస్తోంది. మనిషే ఉండనక్కర్లేదు, రాత్రి ఓ మగాడు వేసుకుని విడిచిన టీషర్టు దగ్గర పెట్టినా అంతే. ఆడవాళ్లు చేస్తే అలా లేదు. అంటే అంతకుముందు ఏళ్ల తరబడి రాసుకున్న నొప్పి లెక్కల్లో ఎన్ని ఎవరి చొక్కా వాసన మీద ఆధారపడ్డాయో!

మందులున్నాయి. కోతకు ముందే మొదలుపెడితే ఇంకా బాగా పనిచేస్తాయి. కోసేచోట లిగ్నొకెయిన్‌ లాంటిది వేయొచ్చు. బలమైన నొప్పికి బుప్రెనార్ఫిన్‌. పాతిక గ్రాముల చిట్టెలుకకు రెండున్నర మైక్రోగ్రాములు చాలు, కానీ కొద్ది గంటలకే దిగిపోతుంది. అర్ధరాత్రి ఎవరో ఒకరు వచ్చి మళ్లీ ఇవ్వాలి. నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇక్కడే. పగలు ఆపరేషన్‌ చేసే స్కాలరుకు రాత్రి రెండింటికి బస్సుండదు. పైగా బుప్రెనార్ఫిన్‌ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోది, 2011 నుంచి కెటమిన్‌ కూడా. లైసెన్సు, రిజిస్టరు, తాళం... ఇదంతా ఎందుకని చిన్న కాలేజీలు పక్కన పెట్టేసే ప్రమాదముంది. ఇక మెలాక్సికమ్‌ ఉంది. రాబందులను చంపేస్తోందని 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ నిషేధించినప్పుడు దానికి బదులుగా నిలిచిన మందే ఇది. రోజుకు ఒకటి రెండు డోసులు చాలు, ఇబ్బంది లేని మందు.

మరి ఎందుకివ్వరు? ‘మందు ఇస్తే ప్రయోగ ఫలితం మారిపోతుంది’ అన్నది ఎప్పుడూ వినే జవాబు. కొన్నిసార్లు నిజమే. వాపు మీద పరిశోధన చేస్తూ వాపు తగ్గించే మందు ఇస్తే ఏం మిగులుతుంది? కానీ నొప్పి మాత్రం ఊరుకుంటుందా! నొప్పితో ఉన్న ఎలుక తిండి తినదు, బరువు తగ్గుతుంది, ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అవి ఫలితాన్ని మార్చవా? వాపు మందు పనికిరాకపోతే వేరే రకం మందుంది. వెతకాలన్న ఓపిక ఉండాలంతే.

అంకెలు చూస్తే ఆ ఓపిక ఎంతో తెలుస్తుంది. బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో రిచర్డ్‌సన్‌, ఫ్లెక్‌నెల్‌ అనే ఇద్దరు, ఎలుకల మీద ఆపరేషన్లు చేసినట్టు రాసిన శాస్త్ర వ్యాసాలను తిరగేశారు. 1990-92 నాటి వ్యాసాల్లో నొప్పి మందు ఇచ్చామని రాసినవి దాదాపు 3 శాతం. పదేళ్ల తరువాత వాటిలో 20 శాతం. ఇచ్చి రాయనివాళ్లు కొందరుండొచ్చు. అందరూ అలాంటివాళ్లే అనుకోవడానికి మనసొప్పడం లేదు.

నిజంగా ముడివిప్పలేని చోటు ఒకటుంది. నొప్పి మందులనే కనిపెట్టాలంటే? 55 డిగ్రీల వేడి పలక మీద ఎలుకను నిలబెట్టి, ఎన్ని సెకన్లకు పాదం నాక్కుంటుందో చూడటం ఎప్పటి నుంచో ఉన్న పరీక్ష. మందు పనిచేస్తే ఆ సమయం పెరుగుతుంది. ఇక్కడ మత్తు ఇస్తే పరీక్షే లేదు. మన మోకాలి నొప్పి మాత్రలు, క్యాన్సర్‌ రోగుల మందులు ఇలాంటి దారిలోనే వచ్చాయి. కాలు కాలిపోకముందే ఎలుకను తీసేయాలని గడువు పెడతారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నది మన సామెత. ఇక్కడ చెలగాటం కూడా కాదు, రెండువైపులా నొప్పే. 1983లో అంతర్జాతీయ నొప్పి పరిశోధకుల సంఘం రాసుకున్న నియమాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. వీలైతే ఆ నొప్పిని పరిశోధకుడు ముందు తన మీద ప్రయోగించి చూసుకోవాలట.

చేపలకూ ఈ గొడవ చేరింది. 2003లో లిన్‌ స్నెడన్‌ బృందం ట్రౌట్‌ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఆమ్లం ఎక్కించి చూశారు. చేపలు అటూఇటూ ఊగాయి, ఆమ్లం ఎక్కించినవి పెదవిని గులకరాళ్లకు రుద్దుకున్నాయి, తిండి మానేశాయి. కప్పల సంగతి మనకు తెలియనిది కాదు. ప్రాక్టికల్స్‌ రోజు అటెండరు బకెట్టుతో తెచ్చిన కప్పలు, క్లోరోఫాం వాసన, మైనం పళ్లెంలో గుండుసూదులు... జువాలజీ చదివిన పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. డిగ్రీ, పీజీ జువాలజీలో వాటిని ఆపేయాలని యూజీసీ 2014లో చెప్పింది.

ఇప్పుడు మన దేశంలో ఎవరైనా జంతువుల మీద ప్రయోగం చేయాలంటే సంస్థలోని నైతిక విలువల కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో ఎనిమిది మంది. శాస్త్రవేత్తలు, ఓ పశువైద్యుడు, సీసీఎస్‌ఈఏ ప్రతినిధి... వీళ్లతోపాటు సైన్సుతో సంబంధం లేని, సామాజిక స్పృహ ఉన్న వ్యక్తి ఒకరు. టీచరు కావచ్చు, లాయరు కావచ్చు. దరఖాస్తులో మత్తుమందు ఏది, నొప్పి మందు ఏది అన్న ప్రశ్నలుంటాయి. ఇవ్వడం కుదరదంటే ఎందుకో రాయాలి. ఆ గడిలో ‘వర్తించదు’ అని రాసి ఉంటే, కాగితం అక్కడే ఆపి ‘ఎందుకండీ వర్తించదు?’ అని అడిగే హక్కు ఆ ఎనిమిదో మనిషికి కూడా మిగతా ఏడుగురితో సమానంగా ఉంది.